చిగురు చూసి మోసపోకండి: పెరట్లో కొమ్మలు నాటడం, అంట్లు కట్టడం దశలవారీగా

రథయాత్ర వానలు మొదలవగానే ఏటా నాకు ఒకటే ప్రశ్న పదిమంది నుంచి వస్తుంది. "మందారం కొమ్మ గుచ్చాను. పది రోజులకే చక్కగా చిగురేసింది. నెల తిరక్కుండా ఎండిపోయింది. నా చెయ్యి మంచిది కాదేమో?" చెయ్యి మంచిదే. ఆ చిగురు కింద వేరు లేదు, అంతే.

కోసిన కొమ్మలో కొంత నీరు, కొంత ఆహారం నిల్వ ఉంటాయి. తడి తగలగానే కణుపు దగ్గర మొగ్గ ఆ నిల్వతోనే విచ్చుకుంటుంది. వేరు రావడానికి అంతకంటే ఎక్కువ రోజులు కావాలి. ఈలోగా మనం చిగురు చూసి మురిసిపోయి కుండీని ఎండలోకి జరుపుతాం, ఎరువు వేస్తాం, లేదా పీకి వేరేచోట నాటుతాం. నిల్వ అయిపోతుంది, కొమ్మ చచ్చిపోతుంది. కింద రాసినదంతా ఆ మధ్య రోజుల్లో కొమ్మను ఎలా కాపాడుకోవాలన్నదే.

మా పెరడు ఒడిశాలోని పర్లాకిమిడిలో. ఎర్రనేల, జూన్ మధ్య నుంచి అక్టోబరు దాకా వానలు, చివర్లో తుఫాను భయం. గుణుపురం, రాయగడ, బరంపురం వైపు వాళ్లకు ఇదే పద్ధతి సరిపోతుంది. కొరాపుట్, సెమిలిగుడ కొండల మీద ఉన్నవాళ్లు మాత్రం నవంబరు నుంచి జనవరి దాకా ఈ పని పెట్టుకోవద్దు. ఆ చలికి వేరు కదలదు.

1. ఏ మొక్కకు ఏ పద్ధతి

అన్నిటికీ కొమ్మ గుచ్చితే సరిపోదు. ముందు ఇది తేల్చుకోండి.

- కొమ్మ ముక్కలతో సులువుగా వచ్చేవి: మందారం, నందివర్ధనం, గన్నేరు, కాగితపూలు, దానిమ్మ, దేశవాళీ గులాబీ, కనకాంబరం, మునగ, దేవగన్నేరు
- నేల అంటుతో (కొమ్మను తల్లి మొక్క నుంచి కోయకుండానే వంచి మట్టిలో పాతడం) వచ్చేవి: గుండుమల్లె, జాజి, సన్నజాజి, కిందికి వంగే తీగలన్నీ
- గాలి అంటు (చెట్టు మీది కొమ్మకే బెరడు తీసి, తడి ముద్ద కట్టి వేరు రప్పించడం) కట్టవలసినవి: నిమ్మ, జామ, దానిమ్మ (దీనికి రెండు పద్ధతులూ పనికొస్తాయి)
- పిలకలతో: చామంతి, అరటి, కరివేపాకు
- గింజతో: కరివేపాకు (తాజా గింజ మాత్రమే), కనకాంబరం, బొప్పాయి, మునగ

మామిడి, సపోటా ఈ లెక్కలోకి రావు. వాటిని వేరే మొక్క మీద అంటు కడతారు, దానికి అనుభవం ఉన్న చెయ్యి కావాలి. అవి కొనుక్కోవడమే మేలు. నర్సరీలో ఒడియాలో "కలమీ" అని అడిగితే అంటు మొక్క చూపిస్తారు.

నిమ్మ కొనేటప్పుడు మాత్రం కాస్త పరికించి చూడండి. ఒక నర్సరీలో అంటు మొక్కని చెప్పి ఇచ్చిన నిమ్మ మా ఇంట్లో ఆరేళ్లు పూత పూయలేదు. గింజ మొక్కని తరువాత తెలిసింది. గింజతో వచ్చిన లేత నిమ్మకు ముళ్లు పొడవుగా, దట్టంగా ఉంటాయి, కాండం ఒంటి కర్రలా నిటారుగా లేస్తుంది. ఆ తేడా అప్పుడు తెలిసి ఉంటే ఆరేళ్లు పోయేవి కావు.

2. ఎప్పుడు మొదలుపెట్టాలి

మన ప్రాంతంలో మంచి కాలం ఆరుద్ర కార్తె నుంచి రాఖీ పున్నమి దాకా. అంటే జూన్ చివరి వారం నుంచి ఆగస్టు వరకు. గాలిలో తేమ ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఆకుల నుంచి నీరు త్వరగా ఆవిరి కాదు. వేరు లేని కొమ్మకు కావలసింది అదే.

రెండోసారి సంక్రాంతి తరువాత శివరాత్రి లోపల. గులాబీ, దానిమ్మ, కాగితపూలు ఎలాగూ అప్పుడు కత్తిరిస్తాం కదా, ఆ ముక్కల్నే నాటుకోవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం వద్దు.

రోజులో ఉదయం ఎనిమిది లోపు కొమ్మ కొయ్యండి. రాత్రంతా నీరు పీల్చుకుని కొమ్మ నిండుగా ఉంటుంది.

3. ముందే సిద్ధం చేసుకోవలసినవి

కొమ్మ కోశాక ఇసుక కోసం వెతకడం, కవర్ల కోసం బజారుకు వెళ్లడం చాలామంది చేసే పొరపాటు. కొమ్మ కోసిన గంటలోపు మట్టిలో ఉండాలి.

- పదునైన కత్తెర లేదా కొత్త బ్లేడు. మొద్దు కత్తెర కొమ్మను నలిపేస్తుంది, నలిగినచోట కుళ్లు పడుతుంది.
- బ్లేడు తుడవడానికి స్పిరిట్ లేదా శానిటైజర్
- అడుగున కన్నాలున్న కుండీలు, లేదా కోసిన నీళ్ల సీసాలు
- ఏటి ఇసుక, కొబ్బరి పొట్టు
- మూతగా వేయడానికి పల్చటి పాలిథిన్ కవర్లు
- పురికొస, వెదురు పుల్లలు
- తేదీ, మొక్క పేరు రాసిన చీటీ

చీటీ అనవసరం అనిపిస్తుంది కానీ తేదీ రాయకపోతే నలభై రోజులు అయ్యాయో లేదో గుర్తుండదు. ఇరవై రోజులకే ఓపిక పోయి పీకేస్తాం.

ఐబీఏ అనే మందు ఉన్న రూటింగ్ హార్మోన్ పొడి ఎరువుల షాపుల్లో చిన్న డబ్బాల్లో దొరుకుతుంది. కాగితపూలకు, దానిమ్మకు, గాలి అంట్లకు అది బాగా సాయపడుతుంది. మందారానికి, మల్లెకి ఏమీ పూయకపోయినా వేరు వస్తుంది. తేనె, కలబంద గుజ్జు, దాల్చినచెక్క పొడి పూయొచ్చా అని అడుగుతుంటారు. నేను వాటి మీద ఆధారపడను. శుభ్రమైన ఇసుక, నీడ, ఓపిక వాటికంటే ఎక్కువ పని చేస్తాయి.

4. మట్టి కలపడం

వేరు లేని కొమ్మకు ఎరువు అక్కర్లేదు. సరిగా మాగని గెత్తం (పశువుల ఎరువు) వేస్తే కొమ్మ అడుగు వేడికి ఉడికి, బూజు పట్టి కుళ్లుతుంది. పెరటి ఎర్రమట్టి ఒక్కటే వాడితే వానకు మెత్తని ముద్దయి, ఎండకు ఇటుకలా గట్టిపడుతుంది.

కొమ్మలు నాటడానికి: ముతక ఇసుక సగం, కొబ్బరి పొట్టు సగం. ఇసుకను రెండు మూడుసార్లు కడిగి, మరిగిన నీళ్లు పోసి చల్లారనివ్వండి. కొబ్బరి పొట్టు కూడా ఒక రాత్రి నానబెట్టి పిండేయండి, అందులో ఉప్పు ఉండొచ్చు.

వేరు వచ్చాక మార్చే కుండీకి: ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, బాగా మాగిన గెత్తం ఒక పాలు, కుండీకి గుప్పెడు వేపపిండి. ట్రైకోడెర్మా (వేరుకుళ్లును అడ్డుకునే మేలుచేసే బూజు) పొడి దొరికితే గెత్తంలో కలిపి, తడిపి, వారం రోజులు నీడలో గోనెసంచి కప్పి ఉంచి అప్పుడు వాడండి.

తడి చూసుకోవడానికి పిడికిలే కొలత. గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి. ధారగా కారితే ఎక్కువ, ముద్ద విడిపోతే తక్కువ.

5. కొమ్మ నాటడం

ఒకటి. పెన్సిల్ లావు కొమ్మ ఎంచుకోండి. మరీ లేత పచ్చది కుళ్లుతుంది, బాగా ముదిరిన చెక్క కొమ్మకు వేరు రావడం ఆలస్యం. వంచితే కాస్త వంగి, ఆపై పుటుక్కున విరిగేది సరైన వయసు. పూలు, మొగ్గలు, పురుగు ఉన్న కొమ్మలు వద్దు. కనకాంబరానికి మాత్రం లేత కొనలే తీసుకోవాలి.

రెండు. జానెడు పొడవు, అంటే 15 నుంచి 20 సెంటీమీటర్లు, మూడు నాలుగు కణుపులు ఉండేలా కొయ్యండి. అడుగున కణుపుకు సరిగ్గా కింద ఏటవాలుగా, పైన కణుపుకు ఒక సెంటీమీటరు ఎత్తులో అడ్డంగా కొయ్యాలి. ఈ తేడా అలవాటు చేసుకుంటే ఏది పైన, ఏది కింద అన్న గందరగోళం ఉండదు. ఆకుల్లేని దానిమ్మ, కాగితపూల కొమ్మల్ని తలకిందులుగా నాటేవాళ్లు చాలామంది. తలకిందులుగా నాటిన కొమ్మ దాదాపుగా బతకదు.

మూడు. కింది ఆకులన్నీ తీసేయండి. పైన రెండు ఆకులు ఉంచి, పెద్దవైతే సగానికి కత్తిరించండి. అన్ని ఆకులూ ఉంచితే కొమ్మలో నీరు ఆవిరైపోతుంది.

నాలుగు. పాలు కారేవాటిని, అంటే నందివర్ధనం, గన్నేరు లాంటివాటిని, పాలు ఆరేదాకా నీడలో ఉంచండి. దేవగన్నేరు కొమ్మను వారం రోజులు నీడలో ఆరబెట్టాకే ఇసుకలో నాటాలి. గన్నేరు పాలు విషం. పని అయ్యాక చేతులు, కత్తెర సబ్బుతో కడుక్కోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

ఐదు. హార్మోన్ పొడి వాడేట్టయితే అడుగున ఒక సెంటీమీటరు మేర అద్ది, దులిపేయండి. ఎక్కువైతే హాని చేస్తుంది. కొమ్మను పొడి డబ్బాలోనే ముంచకండి, తడి తగిలి మిగతా పొడి పాడవుతుంది. కాస్త కాగితం మీద పోసుకోండి.

ఆరు. ఇసుకలో ముందు పుల్లతో కన్నం చెయ్యండి. కొమ్మను నేరుగా గుచ్చితే అంటిన పొడి రాలిపోతుంది, బెరడు చీరుకుంటుంది. రెండు కణుపులు లోపల, మిగతావి బయట ఉండాలి. చుట్టూ వేళ్లతో నొక్కి, గాలి ఖాళీలు పోయేలా ఒకసారి నీళ్లు పొయ్యండి.

ఏడు. నాలుగు వెదురు పుల్లలు గుచ్చి పైన పాలిథిన్ కవరు తొడగండి. కవరు ఆకులకు తగలకూడదు. వెలుతురు ఉండి ఎండ పడని చోట, ఉత్తరపు గోడ పక్కనో వరండాలోనో పెట్టండి. కవరు వేసిన కుండీ మీద గంటసేపు ఎండ పడినా లోపల కొమ్మ ఉడికిపోతుంది.

మునగ విషయం వేరు. మూడు నాలుగు అడుగుల పొడవు, మణికట్టు కంటే లావు కొమ్మను నేరుగా నేలలోనే నాటాలి. నీరు నిలిచేచోట కుళ్లుతుంది కాబట్టి మిట్ట మీద నాటండి. పై కోతకు పేడ ముద్ద పెట్టే అలవాటు మనవాళ్లలో ఉంది. దాంతో కోత త్వరగా ఎండిపోదు, మంచిదే.

6. ఎదురుచూసే రోజులు

ఇక్కడే ఎక్కువ మొక్కలు పోతాయి. నేనూ మొదట్లో వారానికోసారి కొమ్మ పైకి లాగి చూసేదాన్ని. అప్పుడే పుట్టే వేరు జుట్టుపోగు కంటే సున్నితంగా ఉంటుంది, లాగితే తెగుతుంది. ఒక ఏడాది ఆరు మందారాలు అలాగే పోగొట్టుకున్నాను. ఇప్పుడు పారదర్శకంగా ఉండే నీళ్ల సీసా అడుగు భాగంలో నాటి, దాన్ని నల్ల కవరులో దించి పెడుతున్నాను. చూడాలనిపిస్తే సీసా పైకెత్తి చూస్తే చాలు, కొమ్మను ముట్టుకోనక్కర్లేదు.

మా పెరట్లో వేరు కట్టడానికి సుమారుగా పట్టే రోజులు:

- చామంతి కొనలు: 2 నుంచి 3 వారాలు
- మందారం, కనకాంబరం: 3 నుంచి 5 వారాలు
- నందివర్ధనం, దేశవాళీ గులాబీ: 4 నుంచి 6 వారాలు
- మల్లె: 5 నుంచి 7 వారాలు
- దానిమ్మ, కాగితపూలు: 6 నుంచి 8 వారాలు

ఈ రోజుల్లో చేయవలసినవి తక్కువే. రోజుకోసారి కవరు తీసి పది నిమిషాలు గాలి ఆడనివ్వండి. పైన ఇసుక పొడిబారితేనే నీళ్లు చిలకరించండి. రాలిన ఆకును వెంటనే తీసేయండి, బూజు అక్కడే మొదలవుతుంది. మొగ్గ కనిపిస్తే గిల్లేయండి.

వేరు వచ్చిందని నమ్మదగిన గుర్తులు రెండు. మొదటి చిగురు ఆకులు ముదిరి, వాటి పైన రెండో విడత చిగురు రావడం ఒకటి. కుండీ కన్నాల్లో తెల్లని వేళ్లు కనిపించడం రెండోది. రెండింటిలో ఒకటి కనిపించాక కూడా వెంటనే కవరు తీసేయకండి. మొదటి రోజు గంట, మరునాడు రెండు గంటలు, అలా వారం పది రోజుల్లో పూర్తిగా తీయండి. ఆ తరువాత ఉదయపు ఎండ, నెల గడిచాకే పూర్తి ఎండ.

7. మల్లెకు నేల అంటు

ఎప్పుడూ కొమ్మలు నాటనివాళ్లు దీంతో మొదలుపెట్టండి. కొమ్మ తల్లి మొక్క నుంచి విడిపోకుండానే వేరు వేస్తుంది కాబట్టి ఎండిపోయే భయం లేదు.

మల్లె పొద పక్కన మట్టి నింపిన కుండీ పెట్టండి. కిందికి వంగే కొమ్మ ఒకటి ఎంచుకుని, కొన నుంచి అడుగు దూరంలో ఒక కణుపు కింద బెరడును రెండు సెంటీమీటర్ల మేర గీకండి. ఆ భాగాన్ని కుండీలో రెండంగుళాల లోతున పెట్టి, వంచిన తీగ ముక్కతో బిగించి, మట్టి కప్పి, పైన చిన్న రాయి పెట్టండి. కొన పైకి నిలబడేలా పుల్లకు కట్టండి. మట్టి ఆరకుండా చూస్తే రెండు నెలల్లో వేరు దిగుతుంది. తల్లి వైపు కొమ్మ కోసేసి, ఆ కుండీని వారం రోజులు అక్కడే ఉంచి తరువాత జరపండి.

కుండీలో కాకుండా నేలలోనే పాతితే తవ్వేటప్పుడు వేళ్లు తెగుతాయి. అందుకే కుండీ.

8. నిమ్మ, జామకు గాలి అంటు

ఓపిగ్గా చదవండి, ఇందులో ఒక్క మెట్టు తప్పినా అంటు పట్టదు.

ముందు తల్లి చెట్టు సంగతి. రెండు మూడేళ్లుగా బాగా కాస్తున్న చెట్టునే తీసుకోండి. తల్లి ఎలా ఉంటే అంటు మొక్కా అలాగే ఉంటుంది. నిమ్మ ఆకుల మీద, కాయల మీద పసుపు వలయంతో గోధుమరంగు గరుకు మచ్చలుంటే అది గజ్జి తెగులు. అలాంటి చెట్టు నుంచి అంటు కడితే తెగులును ఇంటికి తెచ్చుకున్నట్టే.

ఒకటి. ఏడాది వయసున్న, పెన్సిల్ నుంచి చిటికెనవేలు లావున్న, వెలుతురు తగిలే కొమ్మ తీసుకోండి. కొన నుంచి ఒకటి, ఒకటిన్నర అడుగు దూరంలో రెండు కణుపుల మధ్య చోటు చూసుకోండి. ఆ చోట ఆకులు, ముళ్లు తీసేయండి.

రెండు. బ్లేడుతో కొమ్మ చుట్టూ ఉంగరంలా గాటు పెట్టండి. దాని కింద 2.5 సెంటీమీటర్ల దూరంలో ఇంకో గాటు. రెండింటి మధ్య బెరడు నిలువుగా చీల్చి పూర్తిగా ఊడదీయండి. లోపలి కర్రలోకి గాటు దిగకూడదు, దిగితే కొమ్మ అక్కడ విరుగుతుంది.

మూడు. బెరడు తీశాక కర్ర జారుగా ఉంటుంది. ఆ జారు పొరను బ్లేడు వీపుతో గీకి, పొడిగుడ్డతో తుడవండి. అంట్లు పట్టకపోవడానికి నేను చూసిన పెద్ద కారణం ఇదే. ఆ పొర మిగిలితే చెట్టు గాయాన్ని మాన్పుకుని బెరడు మళ్లీ కలిపేసుకుంటుంది. రెండు నెలలు ఆగి విప్పితే అక్కడ కొత్త బెరడు తప్ప వేరు కనిపించదు. ఉంగరం సన్నగా, అర సెంటీమీటరే తీసినా ఇదే జరుగుతుంది.

నాలుగు. హార్మోన్ పొడిని పై గాటు అంచున పూయండి. ఆకుల్లో తయారైన ఆహారం బెరడు గుండా కిందికి దిగి పై గాటు దగ్గర ఆగుతుంది. వేళ్లు అక్కడి నుంచే వస్తాయి. కింది అంచున పూస్తే ఉపయోగం లేదు.

ఐదు. తడిపి పిండిన నాచు (నర్సరీల్లో ఎండబెట్టి అమ్మే స్ఫాగ్నమ్ మాస్) లేదా కొబ్బరి పొట్టు గుప్పెడు తీసుకుని, పై గాటు మధ్యలో ఉండేలా చుట్టూ ముద్దగా పెట్టండి. పారదర్శకమైన పాలిథిన్ ముక్కతో రెండు చుట్లు చుట్టి, రెండు కొసలూ పురికొసతో బిగించండి. పై కొస మరీ బిగువుగా ఉండాలి. మన వానలకు అక్కడి నుంచి నీరు లోపలికి దిగితే నాచు కుళ్లి నల్లబడుతుంది. కవరు అతుకు కిందివైపు వచ్చేలా చుట్టండి.

ఆరు. దాని మీద పాత గుడ్డ కట్టండి. కాకులు, గోరింకలు పాలిథిన్ పొడుస్తాయి, ఎండ తగిలితే కవరు లోపల పచ్చటి పాచి పట్టి ఏమీ కనిపించదు. పదిహేను రోజులకోసారి గుడ్డ విప్పి చూడండి. చీమలు గూడు పెడితే కవరు మార్చి మళ్లీ కట్టండి.

ఏడు. జామకు, నిమ్మకు ఐదు నుంచి ఎనిమిది వారాల్లో కవరు లోపల తెల్లని వేళ్లు కనిపిస్తాయి. అప్పుడే కొయ్యకండి. అవి కాస్త గోధుమరంగుకు తిరిగి, పిల్లవేళ్లు వేశాక, ముద్ద కింద కొమ్మను సగం లోతు కొయ్యండి. వారం తరువాత పూర్తిగా కోసేయండి. ఇలా రెండు విడతల్లో కోస్తే కొత్త మొక్క తన వేళ్ల మీద బతకడం అలవాటు చేసుకుంటుంది.

ఎనిమిది. సగం ఆకులు తీసేసి, పాలిథిన్ మెల్లగా విప్పండి. నాచు ముద్దను విదల్చకుండా అలాగే కుండీలో పెట్టండి. పాలిథిన్ తీయడం మరచిపోయి పాతేసినవాళ్లు ఉన్నారు, దయచేసి ఒకసారి చూసుకోండి. పుల్ల ఊతంగా కట్టి, నెలా నెలన్నర నీడలో పెంచండి.

ఒక చెట్టుకు ఒకేసారి రెండు మూడు కంటే ఎక్కువ అంట్లు కట్టొద్దు, చెట్టు నీరసిస్తుంది.

9. కరివేపాకు

కరివేపాకు కొమ్మ గుచ్చితే రాదు అని బాధపడేవాళ్లకు నా సలహా: గుచ్చకండి. దానికి రెండు దారులున్నాయి.

గింజ: చెట్టు మీద నల్లగా పండిన కాయ తీసుకుని, గుజ్జు కడిగి, అదే వారంలో ఒక సెంటీమీటరు లోతున నాటండి. ఎండబెట్టి దాచిన గింజ కొద్ది వారాల్లోనే మొలకెత్తే శక్తి పోగొట్టుకుంటుంది. సంతలో భృసంగ పత్రం (కరివేపాకుకు ఒడియా పేరు) అమ్మే ఒడియా ఆడవాళ్లను అడిగితే చెట్టు ఉన్న ఇల్లు చెబుతారు, గింజ తాజాగా దొరుకుతుంది.

పిలక: తల్లి చెట్టు వేరు నుంచి లేచిన జానెడు పిలకను ఒక్కసారిగా పీకొద్దు. తల్లికీ పిలకకూ మధ్య పారతో వేరు తెంపి, మూడు వారాలు అక్కడే వదిలేయండి. అది సొంత వేళ్లు వేసుకుంటుంది. అప్పుడు మట్టిగడ్డతో సహా తవ్వి నాటండి.

మొదటి ఏడాది ఆకులు ఒక్కొక్కటే గిల్లకుండా, మొక్క రెండడుగులు కాగానే కొన తుంచండి. పక్కకొమ్మలు వేస్తుంది.

10. ఏమైనా తేడా వస్తే

కొమ్మ అడుగు నల్లబడి మెత్తబడింది. నీరు ఎక్కువైంది, లేదా ఇసుక శుభ్రంగా లేదు. ఆ కొమ్మ ఇక బతకదు. ఇసుకతో సహా పారేసి, కుండీ కడిగి మళ్లీ మొదలుపెట్టండి. ఏటా ఇలాగే అవుతుంటే నాటేముందు లీటరు నీటికి గ్రాము కార్బెండజిమ్ (బూజు తెగుళ్ల మందు) కలిపి కొమ్మల అడుగులు పది నిమిషాలు ముంచండి. చేతికి తొడుగు వేసుకోండి.

రెండు నెలలైనా చిగురు లేదు, వేరు లేదు. గోటితో బెరడు కొద్దిగా గీకండి. లోపల పచ్చగా ఉంటే ఇంకా ప్రాణం ఉంది, వేచి చూడండి. అడుగున తెల్లని గడ్డలా కట్టి వేరు మాత్రం రాకపోతే, అడుగు పలచగా మళ్లీ కోసి, హార్మోన్ అద్ది కొత్త ఇసుకలో పెట్టండి.

కొమ్మ చుట్టూ మట్టి గొట్టాలు. చెదలు. ఎర్రనేలలో ఇది మామూలే. కుండీలను నేల మీద కాకుండా ఇటుకల మీద పెట్టండి, నేలలో నాటేటప్పుడు గుంతలో వేపపిండి వేయండి.

రాత్రికి రాత్రి లేత ఆకులు మాయం. టార్చి పట్టుకుని రాత్రి ఎనిమిదింటికి వెళ్లి చూడండి, నత్తలు కనిపిస్తాయి. ఏరి ఉప్పునీటిలో వేయడమే మందు. మొక్క మొదట్లో ఉప్పు చల్లకండి, మొక్క చస్తుంది.

మందారం మీద తెల్లని పిండి. పిండినల్లి. కొద్దిగా ఉంటే గట్టిగా నీళ్లు కొట్టి కడిగేయండి. ఎక్కువైతే ఆ కొనలు కోసి కాల్చేసి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం చల్లండి. వారానికోసారి మూడు వారాలు. చీమల బారును ఆపకపోతే అది మళ్లీ వస్తుంది, చీమలే ఆ పురుగును మోసుకొస్తాయి.

కరివేపాకు, నిమ్మ ఆకుల మీద పిట్టరెట్టలా కనిపించే పురుగు. సీతాకోకచిలుక పిల్ల పురుగు, పెరిగాక పచ్చగా మారుతుంది. రెండు మూడుంటే చేతితో ఏరి వేయండి. తినే ఆకు మీద పురుగుమందు కొట్టకండి.

నిమ్మ చిగుళ్ల మీద వెండి గీతలు. ఆకు తొలిచే పురుగు. పెద్ద చెట్టయితే పట్టించుకోనక్కర్లేదు. లేత అంటు మొక్కకు మాత్రం చిగురు వేసే రోజుల్లో వేపనూనె చల్లండి.

నిమ్మ గజ్జి. తెగులు కొమ్మల్ని పొడి రోజున కోసి కాల్చండి, తరువాత లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి చల్లండి. వానలో కోస్తే తెగులు ఇంకా పాకుతుంది.

ఆకులు పసుపు రంగు. ముందు ఏ ఆకులో చూడండి. కింది ముదురు ఆకులు పసుపైతే ఆకలి, గెత్తం వేయండి. కొత్త ఆకులు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు. గోడ పక్కన సిమెంటు, సున్నం పెళ్లలు కలిసిన మట్టిలో నాటిన మల్లెకు, నిమ్మకు ఇది ఎక్కువ. మట్టి మార్చండి. మొక్కంతా పసుపై వాడితే వేరు దగ్గర నీరు నిలిచి ఉంది, కాలువ తీయండి.

మల్లె గుబురుగా ఉంది, పూలు లేవు. నీడ ఎక్కువ, లేదా కత్తిరింపు లేదు. డిసెంబరు చివర నీళ్లు తగ్గించి, సంక్రాంతి తరువాత పొదను మోకాలెత్తుకు కత్తిరించి, ఆకులన్నీ దూసేసి, మొదట్లో తవ్వి గెత్తం వేసి అప్పుడు నీళ్లు పెట్టండి. రోజుకు ఆరు గంటల ఎండ తగలాలి. వేసవికి మల్లెలు వస్తాయి.

11. నేలలో నాటడం, తుఫాను జాగ్రత్త

గాలి అంటు, నేల అంటు మొక్కలకు తల్లివేరు ఉండదు. ఇది మన ప్రాంతంలో మరచిపోకూడని సంగతి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి మా పెరట్లో నాలుగేళ్ల అంటు జామ వేళ్లతో సహా పడిపోయింది. దాని పక్కనే ఉన్న గింజ జామ కొమ్మలు విరిగినా నిలబడింది. అప్పటి నుంచి వానాకాలంలో కట్టిన అంట్లను అక్టోబరు దాటేదాకా కుండీల్లోనే ఉంచుతున్నాను. హెచ్చరిక రాగానే కుండీలు వరండాలోకి చేరుస్తాను. దీపావళి తరువాత నేలలో నాటుతాను.

- గుంత రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు. పైమట్టి ఒకవైపు, అడుగు మట్టి మరోవైపు వేయండి.
- పైమట్టిలో 10 కిలోల మాగిన గెత్తం, అర కిలో వేపపిండి కలిపి నింపండి. వారం ఆగి, మట్టి దిగాక నాటండి.
- నిమ్మ, జామలకు మొక్కకూ మొక్కకూ, గోడకూ మొక్కకూ మధ్య కనీసం 12 అడుగులు ఉంచండి.
- కుండీలో ఎంత లోతున ఉందో అంతే లోతున నాటండి. మొదలు చుట్టూ మట్టి ఎత్తు చేయండి, నీరు మొదట్లో నిలవకూడదు.
- రెండు వెదురు గడలు ఇరువైపులా పాతి, ఎనిమిది అంకెలా వదులుగా గుడ్డతో కట్టండి. మూడేళ్లదాకా ఊతం తీయొద్దు, ఏటా కట్టు వదులు చేయండి.
- మొదటి వేసవిలో మొక్క మొదలు చుట్టూ ఎండుగడ్డి లేదా ఎండుటాకులు పరచండి, కాండానికి తగలకుండా బెత్తెడు ఎడం ఉంచండి.

అంటు నిమ్మకు నాటిన ఏడాదే పూత రావచ్చు. చేతులు రావు గానీ తుంచేయండి. రెండో ఏడాది పూత కూడా తీసేస్తే మంచిది. మూడో ఏడాది నుంచి కాయలు ఉంచుకోండి.